నాట్ల పాట నుంచి తీగవాద్యాల దాకా: నా అనుభవం

2024 ఏప్రిల్ చివరి వారంలో హైదరాబాద్‌లోని ఒక తీగవాద్య బృందం వాళ్లు ఇరవై నిమిషాల కూర్పు ఒకటి రాసి ఇవ్వగలరా అని నన్ను అడిగారు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో, వీటికి తోడుగా ఒక డప్పు ఉండాలన్నారు. మన ఋతువులు, మన పల్లె పాటలు ఆధారం కావాలని, వినేవారికి మాత్రం అది కచేరీ సంగీతంలాగే వినిపించాలని కోరారు. పారితోషికం లక్షా యాభై వేల రూపాయలు, మూడు విడతల్లో: ఒప్పందం నాడు యాభై వేలు, స్వరప్రతి అందించినప్పుడు యాభై వేలు, ప్రదర్శన తర్వాత మిగిలినది. ఇలాంటి అవకాశం మన ప్రాంతంలో స్వరకర్తలకు అరుదుగా వస్తుంది. వచ్చినప్పుడు ఏ నెలలో ఏం చేయాలో, డబ్బు ఎక్కడ ఖర్చవుతుందో, పాడేవాళ్లతో ఏం మాట్లాడుకోవాలో చెప్పేవాళ్లు దొరకరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది సిద్దిపేట జిల్లాలోని ఒక ఊరు. వయొలిన్ కర్ణాటక పద్ధతిలో నేర్చుకున్నాను. తర్వాత ట్రినిటీ కాలేజ్ లండన్ గ్రేడ్ పరీక్షలకు కూర్చుంటూ పాశ్చాత్య స్వరలిపి రాయడం, చదవడం అలవాటు చేసుకున్నాను.

మొదటి సమావేశంలోనే ఋతువుల మీద చర్చ వచ్చింది. వసంతం మొదలు శిశిరం దాకా ఆరు భాగాలు ఉంటే బాగుంటుందని నిర్వాహకులు అనుకున్నారు. ఆరు ఋతువులు పంచాంగంలోనూ ప్రబంధాలలోనూ ఉన్నాయి గాని, మా ఊళ్లో విత్తనం చల్లే మనిషి వాటి లెక్కన కాలాన్ని చూడడు. అతనికి తెలిసినవి కార్తెలు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజులు ఒక కార్తె; ఏడాదికి ఇరవై ఏడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని, మృగశిర రాగానే నేల చల్లబడుతుందని చెప్పుకునే ఆ లెక్కలో ఎండకూ వానకూ పనికీ ఉన్న ముడి కనిపిస్తుంది. పాట పుట్టేది కూడా ఆ ముడి దగ్గరే కాబట్టి, కూర్పును నాలుగు కార్తెల మీద కట్టుకుంటానని చెప్పాను. వాటిని రోహిణి, పుష్యమి, హస్త, ఉత్తరాషాఢ అని నిర్ణయించుకున్నాను. ఈ నిర్ణయం వల్ల పని ఏడాదికి తగ్గకుండా పడుతుందని నాకు తెలుసు. నాట్ల పాట కావాలంటే నాట్లు పడేదాకా ఆగాల్సిందే. నిర్వాహకులు రెండు వారాలు ఆలోచించి ఒప్పుకున్నారు. మే 20న మొదటి విడత నా ఖాతాలో పడింది.

రోహిణి కార్తె ఆ నెల 25న వచ్చింది. ఎండాకాలపు పాట కోసం వెతికితే అందరూ ఒకే మాట చెప్పారు: బోరు మోటార్లు వచ్చాక, ఎద్దులతో బావి నీళ్లు తోడే మోట పాట పోయిందని. వరుసకు నాకు తాతయ్యే ఒక పెద్దాయన యౌవనంలో మోట తోలిన మనిషి. ఆయనను ఎండ దిగాక బావి దగ్గరికి తీసుకువెళ్లాను. బావి పూడిపోయింది గాని, ఎద్దులు నడిచిన ఏటవాలు దారి ఇంకా ఉంది. పాడమంటే ఆయన కూర్చొని పాడలేదు. ఆ దారి వెంట దిగుతూ పాడారు, వెనక్కి నడుస్తూ ఆగారు. ఎద్దులు దిగేటప్పుడు బొక్కెన పైకి లేస్తుంది, తోలే మనిషి తాడు మీద కూర్చొని బరువు వేస్తాడు. అప్పుడు పాట సాగుతుంది. నీళ్లు తొండంలోంచి కాలువలో పడే క్షణంలో పాట తెగుతుంది. ఎద్దులు వెనక్కి అడుగులు వేస్తూ పైకి వచ్చేటప్పుడు అదిలింపులూ బుజ్జగింపులూ తప్ప రాగం ఉండదు.

“గుంజేటప్పుడే పాట మనవడా. ఎనకకు వచ్చేటప్పుడు ఎడ్లతోని మాట్లాడాలె, లేకుంటే అవి బెదురుతయి,” అన్నారు.

మొదటి భాగం రూపం నాకు అక్కడే దొరికింది. చెల్లో ఒక పొడవైన వాక్యాన్ని కిందికి లాగుతుంది, కమాను చివరికి వచ్చేసరికి స్వరం తెగుతుంది, మిగిలిన మూడు వాద్యాలు కమాను వదిలి వేళ్లతో తీగలను మీటుతూ తెగిపడిన ఆ చోటును నింపుతాయి. తర్వాత స్వరం లేని అడుగులు. ఆ వాక్యం ప్రతిసారీ ఒకే పొడవు ఉండదు, ఎందుకంటే ఎద్దులు అలసిపోతాయి. పెద్దాయన కూడా నాలుగోసారి దిగేటప్పటికి వేగం తగ్గించారు. అది ముసలితనం వల్లనా, ఎద్దుల జ్ఞాపకం వల్లనా అని నేను అడగలేదు, విన్నది విన్నట్టు రాసుకున్నాను.

పాటలు రికార్డు చేయడానికి జూమ్ కంపెనీ చేతి రికార్డరు కొన్నాను. బొచ్చు తొడుగుతో కలిపి ఇరవై నాలుగు వేలు అయింది. తొడుగు లేకుండా పొలంలో రికార్డు చేయడం వృథా. మనకు పిల్లగాలి అనిపించేది కూడా మైకులో హోరుగా వినిపించి పాటను మింగేస్తుంది.

పుష్యమి కార్తె జూలై 20 ప్రాంతంలో మొదలైంది. నన్ను బాగా కలవరపెట్టిన దశ ఇది. చాలా పొలాల్లో నాట్లు వేస్తున్నది బిహార్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన కూలీలు, కొన్నిచోట్ల యంత్రాలు. మన ఊరి ఆడవాళ్లు వేసేచోట గట్టు మీద ఫోను పెట్టుకొని సినిమా పాటలు వింటున్నారు. ఒక వారం గట్ల మీద తిరిగాక, పాటలు ఆగిపోయిన కాలానికి నేను వచ్చానేమోనని నిజంగా దిగులు పడ్డాను. మా మేనత్త చెప్పగా పక్క ఊళ్లో ఒక జట్టు దొరికింది. పాట ఎత్తుకునే ఆమెకు అరవై దాటి ఉంటాయి. ముందు ఆమె ఇంటికి వెళ్లి ఒక్క పాట పాడమని బతిమాలాను. రెండు చరణాలు పాడి ఆపేశారు.

“ఇంట్ల కూసుంటే రాదు బిడ్డా. నడుము వంగితేనే వస్తది. వంగినంక ఊపిరి చిన్నగైతది, పాట గూడ గంతే,” అన్నారు.

మర్నాడు పొలానికి వెళ్లాను. ఇక్కడ ఒక ఆచరణాత్మక విషయం చెప్పాలి. నాట్లు ఎక్కువగా గుత్తకు వేస్తారు, ఎకరానికి ఇంత అని మాట్లాడుకుంటారు. మనం మైకు పెట్టడానికీ మళ్లీ పాడించడానికీ ఆపిన ప్రతి పది నిమిషాలూ వాళ్ల కూలిలోంచే పోతాయి. కాబట్టి పూటకు ఎంత పడుతుందో ముందే అడిగి, జట్టు మొత్తానికి ఆ మేరకు డబ్బు ఇచ్చి, ఆ తర్వాతే రికార్డరు తీయాలి. పాట ఎత్తుకునే ఆమెకు విడిగా ఇచ్చాను. కాలర్ మైకు ఆమె కొంగుకు పెడితే వంగినప్పుడు గుడ్డ రాపిడి తప్ప ఏమీ వినిపించలేదు. చివరకు తలగుడ్డ ముడిలో పెట్టాక గొంతు తేటగా వచ్చింది.

ఆ రికార్డింగును ఇంటికి తెచ్చి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో వేగం సగానికి తగ్గించి విన్నప్పుడు, ఈ కూర్పు మొత్తానికి ప్రాణమైన సంగతి బయటపడింది. ఎత్తుకునే ఆమె వరుస పూర్తి చేయకముందే జట్టు అందుకుంటుంది. ఆమె చివరి అక్షరమూ వాళ్ల మొదటి అక్షరమూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎంతసేపు పడతాయన్నది ఆమె చేతిలోని నారు మీద ఆధారపడి ఉంటుంది. కట్ట అయిపోయి కొత్త కట్ట విప్పుకునేటప్పుడు ఆమె చివరి స్వరాన్ని సాగదీస్తారు, జట్టు ఆగుతుంది. చేతిలో నారు నిండుగా ఉంటే ముందే తోసుకొస్తారు. ఇది తాళంలో ఇమిడే విషయం కాదు. ఏ మాత్రలోనూ ఇరికించకుండా, రెండో వయొలిన్, వయోలా తమ చోటును అంకెలతో కాకుండా మొదటి వయొలిన్ కమాను కదలికను చూసి పట్టుకోవాలని స్వరప్రతిలో రాశాను.

హస్త కార్తెలో బతుకమ్మ వచ్చింది. 2024లో ఎంగిలిపూల బతుకమ్మ అక్టోబరు 2న, సద్దుల బతుకమ్మ 10న జరిగాయి. పాట వినాలంటే సాయంత్రం త్వరగా చేరుకోవాలి. డీజే పెట్టెలు మొదలయ్యాక గొంతులు వినబడవు. మా వాడలో పెట్టెలు రాకముందు, తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మల పక్కనే నేల మీద రికార్డరు పెట్టాను. గొంతులు దాని చుట్టూ తిరిగాయి. ఇంటికి వచ్చి శ్రుతి పెట్టె పక్కన పెట్టుకొని వింటే, ఐదు శ్రుతి దగ్గర మొదలైన పాట ముగిసేసరికి ఆరు దాకా ఎక్కింది. ఎక్కడా ఎగిరినట్టు లేదు. చప్పట్లు ఊపందుకున్నకొద్దీ ఉయ్యాలో అన్న పల్లవి దగ్గర గొంతులు వెంట్రుకవాసి పైకి జరుగుతూ వచ్చాయి. పాటలో ఉన్నవి నాలుగైదు స్వరాలే అయినా విసుగు పుట్టకపోవడానికి ఈ ఎక్కడం కూడా ఒక కారణమని నా నమ్మకం. మూడో భాగంలో వాద్యాలన్నీ అలాగే మెల్లగా ఎక్కాలని రాశాను. తీగవాద్యకారులకు ఇది కష్టం. వేలు పెట్టని తీగలు తమ శ్రుతిలోనే ఉండిపోతాయి కాబట్టి ఆ భాగంలో వాటిని ఒక్కసారి కూడా వాడకూడదు.

సంక్రాంతికి, అంటే 2025 జనవరిలో ఉత్తరాషాఢ కార్తెలో, గంగిరెద్దుల వాళ్ల సన్నాయి రికార్డు చేశాను. ఇది సులభంగానే జరిగింది. సన్నాయి ఊదే ఆయన ఊపిరి తెంపకుండా ముక్కుతో గాలి తీసుకుంటూ బుగ్గలతో ఊదే తీరును వయోలాకు ఇచ్చాను. కమాను తిరగేసినప్పుడు కోత వినబడకుండా చెల్లో కింద ఒత్తు (ఆగకుండా మోగే ఆధార స్వరం) పట్టుకుంటుంది.

జనవరి చివర నుంచి ఏప్రిల్ దాకా రాతపని. ఆ నెలల్లో నా చెవితోనే నాకు పోరాటం జరిగింది. ఏళ్ల కర్ణాటక సాధన వల్ల ప్రతి పాటా నన్ను ఏదో ఒక రాగం వైపు లాగేది. నాట్ల పాట ఆనందభైరవి ఛాయలో ఉన్నట్టు తోచగానే, పాటలో లేని గమకాన్ని చెయ్యి తనంతట తాను రాసేది. ఇలాంటి జానపద ఛాయలు మన శాస్త్రీయ రాగాల్లో ఎప్పటినుంచో కలిసి ఉన్నాయి కాబట్టి ఆ లాగుడు సహజమే. అయితే రాగం పూర్తిగా వచ్చి కూర్చుంటే పొలం వెళ్లిపోతుంది. రాసిన ప్రతి పేజీనీ మళ్లీ రికార్డింగుతో పోల్చుకొని, పాడినవాళ్లు వేయని మెలికలను తీసివేశాను. స్వరకర్త బేలా బార్తోక్ 1906 నుంచి హంగరీ పల్లెల్లో ఫోనోగ్రాఫ్ సిలిండర్ల మీద పాటలు నింపుకొని, అవే పాటలను మళ్లీ మళ్లీ విని మరింత సూక్ష్మంగా రాసుకున్నారన్న సంగతి ఆ రోజుల్లో నాకు ధైర్యంగా నిలిచింది. రాయడానికి మ్యూజ్‌స్కోర్ అనే స్వరలిపి సాఫ్ట్‌వేర్ వాడాను. అది ఉచితం, పావు స్వరాల గుర్తులు కూడా అందులో ఉన్నాయి.

అనుమతుల విషయం కూడా ఈ నెలల్లోనే తేల్చుకున్నాను. పాట తరతరాలది, దానికి ఒక్కరు కర్త కారు. కాని నా రికార్డరులో ఉన్న గొంతు ఒక మనిషిది. 1957 నాటి కాపీరైట్ చట్టం, తర్వాత వచ్చిన సవరణల వల్ల, ప్రదర్శకులకు యాభై ఏళ్ల హక్కు ఇస్తోంది. ఒక పేజీ తెలుగు పత్రం తయారుచేసి, ప్రతి ఒక్కరికీ చదివి వినిపించి, రికార్డింగులు నా రాతకోసమే వాడతానని, వాళ్లను అడగకుండా ఎక్కడా వినిపించనని రాసి సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాను. ప్రదర్శనకు వచ్చే కరపత్రంలో వాళ్ల పేర్లు ఉండాలని కూడా అందులో రాశాను. ఈ పత్రం తర్వాత ఎంత అవసరపడిందో ముందు ఊహించలేదు.

స్వరప్రతి ఏప్రిల్ 28న అందించాను. రెండో విడత మే చివరలో వచ్చింది. రిహార్సళ్లు జూన్ మూడో వారంలో, సరిగ్గా వానలతో పాటే మొదలయ్యాయి. తీగవాద్యకారులకు పూటకు మూడు వేలు, డప్పు కళాకారుడికి పదిహేను వందలు అని నిర్వాహకుల లెక్కలో ఉంది. ఒకే వేదిక మీద, ఒకే కూర్పులో, ఒకే సమయం ఇచ్చేవాళ్లకు రెండు ధరలు ఉండకూడదని పట్టుబట్టాను. పది రోజులు ఉత్తరాలు నడిచాక సమానంగా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఇలాంటి పని తలపెట్టే ప్రతి స్వరకర్తా ఈ మాట ఒప్పందం రోజునే రాయించుకోవాలని నా అభిప్రాయం. రిహార్సళ్లు మొదలయ్యాక అడిగితే కళాకారుడి ముందే బేరం జరిగినట్టవుతుంది, అది ఆయనకు అవమానం.

డప్పుకు స్వరలిపి పనికిరాలేదు. ఆయన దరువును నోటితో పలికి నేర్చుకుంటారు, పాట చరణాల లెక్కన గుర్తుపెట్టుకుంటారు. మిగతా నలుగురు కొలతల (స్వరప్రతిలో నిలువు గీతల మధ్య ఉండే గడుల) అంకెలతో మాట్లాడుకుంటారు. ఎనభై మూడో కొలత నుంచి అని ఒకరు అంటే ఆయనకు ఏమీ తెలియదు. అత్త పేరు వచ్చే చరణం నుంచి అని ఆయన అంటే వాళ్లకు తెలియదు. చెల్లో వాయించే అమ్మాయి దీనికి దారి చూపింది. తన వరుసల కింద నాట్ల పాట మాటలను పెన్సిలుతో రాసుకొని, డప్పు అందుకోవాల్సిన చోట ఆ మాటను పెదవులతో పలికేది. అక్కడినుంచి ఇద్దరూ విడిపోలేదు.

వానాకాలం తెచ్చిన ఇబ్బంది వేరు. గాలిలో తేమకు డప్పు చర్మం వదులై మోత మందగిస్తుంది. వాయించేముందు మంట సెగకు చూపాలి. సిర్ర, సిటికెన పుల్ల రెండు చేతుల్లో పట్టుకొని ఆయన ఒక్క దెబ్బ వేసి విని, తల అడ్డంగా ఊపి మళ్లీ సెగ దగ్గరికి వెళ్లేవారు. సభామందిరంలో మంట పెట్టనివ్వరు. విద్యుత్ హీటరు తెచ్చాం. దాని వేడి ఒకేచోట పడి చర్మం సమంగా బిగియలేదు. చివరకు రెండు డప్పులు పెట్టుకొని, బయట వెనుక షెడ్డు కింద వరిగడ్డి మంట దగ్గర ఒకటి కాగుతూ ఉంటే ఇంకొకటి లోపల మోగేలా ఏర్పాటు చేశాం. అందుకోసం రెండో భాగానికీ మూడో భాగానికీ నడుమ డప్పు లేని నిమిషంన్నర చోటును కొత్తగా రాశాను. ఏసీ గదిలోకి రాగానే వయొలిన్ బిరడాలు జారడం కూడా ఆ వారాల్లో రోజూ ఉండేది. శ్రుతి చేసుకోవడానికి ఇరవై నిమిషాలు విడిగా పెట్టుకోకపోతే వానాకాలంలో రిహార్సల్ సాగదు.

ప్రదర్శన 2025 ఆగస్టు 23న జరిగింది. ముందురోజు సాయంత్రం అచ్చయిన కరపత్రం చేతికి వచ్చింది. సంప్రదాయ జానపద గీతాల ఆధారంగా అని ఒక్క వాక్యం ఉంది, పాడినవాళ్ల పేర్లు లేవు. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. పత్రం తీసి చూపించి, రాత్రికి రాత్రి మళ్లీ అచ్చు వేయించమన్నాను. ఆ మూడు వేల ఐదు వందలు నేనే కట్టాను. పొద్దున కొత్త ప్రతులు వచ్చాయి.

నాట్ల జట్టులోంచి ఐదుగురు, మోట తాతయ్య, సన్నాయి ఊదే ఆయన వచ్చారు. మూడో వరుసలో కూర్చున్నారు. పుష్యమి భాగం నడుస్తుండగా పాట ఎత్తుకునే ఆమె చెయ్యి ఒళ్లో చిన్నగా కదలడం పక్కనుంచి చూశాను. వాద్యం అందుకోవాల్సిన చోటుకు ఒక లిప్త ముందు ఆ చెయ్యి ఆగేది. ప్రదర్శన అయ్యాక బాగుంది బిడ్డా అన్నారు. ఆ వెంటనే, “గట్టు రాకముందే పాట ఎందుకు ఆపినవ్?” అని అడిగారు. వరుస గట్టుకు చేరేదాకా పాట ఆగదట. గట్టు దగ్గర నడుము ఎత్తి కేక వేస్తారట. నేను రికార్డు చేసిన పూట వాన పెద్దదై మధ్యలోనే అందరూ పొలం వదిలి వచ్చాం, కాబట్టి నా దగ్గర ఆ ముగింపు లేదు. ఆ కేక ఎలా ఉంటుందో ఆమె హాలు మెట్ల మీద నిలబడి వేసి చూపించారు.

సెప్టెంబరులో రెండో భాగం చివర మరో ముప్పై కొలతలు రాశాను. ఇప్పుడది గట్టు దాకా వెళ్తుంది. చివరి కేకకు నాలుగు వాద్యాలూ ఒకేసారి వేర్వేరు స్వరాల నుంచి పైకి జారతాయి. ఫోనులో ఆమెకు వినిపిస్తే, ఇంకా గట్టిగ ఉండాలె అన్నారు. డప్పు కూడా కలిపాను.

మూడో విడత కోసం మూడు నెలలు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది, నవంబరు చివరకు అందింది. లక్షా యాభై వేలలో రికార్డరు, ప్రయాణాలు, పాడినవాళ్లకు ఇచ్చినది, అచ్చు కలిపి నా చేతి ఖర్చు అరవై వేలు దాటింది. సవరించిన స్వరప్రతి ఇప్పుడు బృందం దగ్గర ఉంది. వచ్చే ప్రదర్శన వేసవిలో పెడదామని అడుగుతున్నారు. డప్పు కళాకారుడు మాత్రం ఎండాకాలమైతే ఒక్క డప్పే చాలు, ఆ నిమిషంన్నర చోటు అప్పుడు తీసేయమంటున్నారు. రెండు కాలాలకు రెండు పాఠాలు స్వరప్రతిలో పక్కపక్కన రాసి ఇచ్చాను.